సెరంగూన్ నుంచి కనిపించిన ఫాసిజాలు

సెరంగూన్ రోడ్డుకు పడమటి పక్కగా ఫారర్ పార్క్ మైదానం ఉంది. 1933 వరకు అక్కడ గుర్రప్పందాలు జరిగేవి. పందాలు పోయినా పక్క వీధికి రేస్ కోర్స్ రోడ్ అన్న పేరు మిగిలింది. ఈ చుట్టుపక్కల తెలుగు మాట వినపడని ఆదివారం ఉండదు. శ్రీనివాస పెరుమాళ్ గుడికి వచ్చినవాళ్లు, ముస్తఫాలో సామాన్లు కొనుక్కుని బయటపడ్డవాళ్లు, వారానికొక్క సెలవు దొరికిన కూలీలు ఆ దారినే నడిచిపోతుంటారు. ఆ మైదానంలో ఏం జరిగిందో తెలిసినవారు తక్కువ. తెలిసినవారికి కూడా దాని పక్క వీధుల్లో అదే వారంలో జరిగినదాన్ని దానితో కలిపి చూసే అలవాటు తక్కువ.

1942 ఫిబ్రవరి 15న బ్రిటిషు సేనాని పెర్సివల్ జపాను సేనాని యమషితకు లొంగిపోయాడు. రెండు రోజుల తరువాత, 17న, బ్రిటిషు ఇండియన్ ఆర్మీకి చెందిన నలభై వేలకు పైగా భారతీయ సైనికులను ఈ మైదానంలో సమావేశపరిచారు. జపాను మేజరు ఫుజివారా ఇవైచి వారిని ఓడిపోయిన శత్రువులుగా కాక, కాబోయే మిత్రులుగా సంబోధించాడు. అతని తరువాత కెప్టెన్ మోహన్ సింగ్ మాట్లాడి, స్వాతంత్ర్యం కోసం పోరాడే సైన్యంలోకి వారిని పిలిచాడు. ఆజాద్ హింద్ ఫౌజ్‌కు పురుడు పోసుకున్న చోటు ఇదే.

మర్నాటినుంచే చైనీయుల ఏరివేతకు ఉత్తర్వులు వెలువడ్డాయి. పద్ధెనిమిది నుంచి యాభై ఏళ్ల లోపు చైనీయ పురుషులు చెప్పిన చోట్లకు వచ్చి తనిఖీకి నిలబడాలి. ఆ చోట్లలో ఒకటి జలాన్ బెసార్. ఫారర్ పార్కునుంచి పదిహేను, ఇరవై నిమిషాల నడక. తరువాత దీనికి సూక్ చింగ్ అన్న పేరు స్థిరపడింది. చనిపోయినవారి సంఖ్య గురించి జపాను వర్గాలు ఒప్పుకున్నది 5 వేల దగ్గర ఆగితే, సింగపూరు చైనీయుల అంచనాలు 50 వేల దాకా వెళ్తాయి. ఎగువ సెరంగూన్ రోడ్డు వెంబడి ఇల్లిల్లూ గాలించి పట్టుకున్న సుమారు వెయ్యిమందిలో 300 నుంచి 400 మందిని ఫిబ్రవరి 28న పుంగ్గోల్ సముద్రపుటొడ్డున కాల్చి చంపారు.

ఒకే సైన్యం, ఒకే రోడ్డు, మధ్యలో పదకొండు రోజులు. ఒక జాతికి ఆలింగనం, ఇంకొక జాతికి తుపాకి. ఇరవయ్యో శతాబ్దపు ఫాసిస్టు ప్రభుత్వాలు ఒకదానికొకటి ఎట్లా భిన్నమైనవి అన్న ప్రశ్నను పాఠ్యపుస్తకాలలో చదివినప్పుడు అది రాజనీతిశాస్త్రపు వర్గీకరణ సమస్యలాగా కనిపిస్తుంది. సెరంగూన్‌లో నిలబడి అడిగితే అది ఎవరు బతికారు, ఎవరు చచ్చారు అన్న ప్రశ్నే.

*

తెలుగులో ఫాసిజం అన్న మాటకు ఒక ప్రత్యేకమైన చరిత్ర ఉంది. 1935లో కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ సభలో దిమిత్రోవ్ ఇచ్చిన నిర్వచనం మనకు ముందు చేరింది. దాని ప్రకారం ఫాసిజం ఫైనాన్స్ పెట్టుబడిలోని అత్యంత అభివృద్ధి నిరోధక వర్గాల బాహాటపు నియంతృత్వం. అది ఐక్యసంఘటన కట్టడానికి తయారైన నిర్వచనం. ఎవరిని ఎదిరించాలో చెప్పడం దాని పని. ఎదిరించవలసినవాళ్లు తమలో తాము ఎట్లా భిన్నులో చెప్పడం కాదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. యుద్ధం ఆంధ్రతీరానికే వచ్చినప్పుడు శత్రువుల మధ్య సూక్ష్మభేదాలు వెదికే తీరిక ఎవరికీ ఉండదు. ఆ ఏటి నుంచి కమ్యూనిస్టులు ప్రజాయుద్ధమన్నారు. అబ్బూరి రామకృష్ణరావు, గోపీచంద్ వంటివారు ఉన్న ఎం. ఎన్. రాయ్ పక్షం ఫాసిజాన్ని ఓడించడమే మొదటి పని అంది. ఈ రెండు వర్గాలకూ ఒకరంటే ఒకరికి పడదు. కాని బెర్లిన్, రోమ్, టోక్యో అన్న మూడు పేర్లను ఒకే ఊపిరిలో పలకడంలో ఇద్దరిదీ ఒకే మాట.

అవతలి వైపు నేతాజీ అభిమానులు. వీరికీ ఆ మూడు రాజధానుల మధ్య తేడా అక్కరలేదు. శత్రువుకు శత్రువు మనకు మిత్రుడు అన్న ఒక్క సూత్రంతో పని జరిగిపోతుంది. బోస్ జీవితం గురించి తెలుగులో వచ్చే రచనలలో ఎక్కువ భాగం ఈ సూత్రం దగ్గర ఆగిపోతాయి. కాబూల్ దారిలో మారువేషం, జలాంతర్గామి ప్రయాణం, సింగపూరు సభలు ఉత్కంఠతో చెప్పి, ఆ మిత్రులెవరు, వారి ఇళ్లలో ఏం జరుగుతోంది అన్న ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి పేజీ తిప్పేస్తారు. ఒకరు తిట్టుకోసం, ఒకరు మొక్కుకోసం, ఇద్దరూ ఫాసిజాన్ని ఒకే ముద్దగా చేశారు.

విచిత్రమేమంటే, ఆ ముద్దను విడదీసి చూడటానికి కావలసిన సాక్ష్యం బోస్ జీవితంలోనే ఉంది. ఫాసిస్టు రాజధానులు మూడింటిలోనూ ఒకే విన్నపాన్ని స్వయంగా వినిపించి, మూడు వేరు వేరు జవాబులు తెచ్చుకున్న వలసదేశపు నాయకుడు ఆయన తప్ప ఇంకొకరు నాకు కనిపించరు. ఆ విన్నపం ఒకటే: భారతదేశ స్వాతంత్ర్యాన్ని బహిరంగంగా, లిఖితపూర్వకంగా గుర్తించండి.

*

మొదట రోమ్. భారతీయుల పట్ల ఇటలీ ముఖం మర్యాదగా ఉండేది. 1925లో ఫొర్మికి, తుచ్చి వంటి సంస్కృత పండితులు శాంతినికేతన్‌కు వచ్చారు. మరుసటి ఏడు టాగోర్ ముస్సోలినీకి అతిథిగా వెళ్లి, తరువాత రోమా రోలాఁ తదితరులు చెప్పిన సంగతులు విని, తన పేరును ఎట్లా వాడుకున్నారో గ్రహించి బహిరంగంగా ఖండించవలసి వచ్చింది. 1931 డిసెంబరులో గాంధీ రోమ్‌లో ఆగి ముస్సోలినీని చూశాడు. బోస్ 1930లలోనే ఆయనను కలిశాడు, 1935లో అచ్చయిన తన ‘ది ఇండియన్ స్ట్రగుల్’ ప్రతిని అందించాడు. ఫాసిజాన్ని, కమ్యూనిజాన్ని సమన్వయించే ఒక మార్గం భారతదేశానికి పనికి వస్తుందని ఆ పుస్తకంలో అన్నది ఆయనే. 1938లో రజనీ పామీదత్ ఈ మాట గురించి అడిగినప్పుడు, తాను రాసేనాటికి ఫాసిజం ఇంకా దండయాత్రలకు దిగలేదని బోస్ సమాధానం చెప్పుకున్నాడు. సమాధానం పూర్తిగా నిలవదు. ఒమర్ ముఖ్తార్‌ను లిబియాలో ఉరితీసింది 1931లో. అంతకు ముందే సిరెనైకాలో వేలాది కుటుంబాలను కంచెల వెనక్కి తోలారు. దండయాత్రలు సాగుతూనే ఉన్నాయి, అవి మనవైపు రాలేదంతే. 1936లో రోమ్ మీదుగా వెళ్తూ నెహ్రూ ముస్సోలినీ ఆహ్వానాన్ని నిరాకరించాడు. అప్పటికి అబిసీనియా మీద విషవాయువు ప్రయోగం జరుగుతోంది. ఒకే మనిషి, ఒకే ఆహ్వానం. భారతీయుడిగా మాత్రమే చూస్తే వెళ్లవచ్చు, అబిసీనియా వాడి పక్కన నిలబడి చూస్తే వెళ్లలేం.

బెర్లిన్ సంగతి బోస్‌కు మొదటినుంచీ తెలుసు. 1936 మార్చిలో యూరప్ వదిలి వస్తూ డాయిష్ అకడమీకి చెందిన తీర్‌ఫెల్డర్‌కు రాసిన లేఖలో, ఈ కొత్త జాతీయవాదం సంకుచితమే కాదు, అహంకారపూరితం కూడా అన్న అర్థంలో ఘాటుగా రాశాడు. భారతీయ విద్యార్థులకు అక్కడ ఎదురైన అవమానాలు ఆయన స్వయంగా చూసినవే. అయినా 1941 జనవరిలో కలకత్తానుంచి తప్పించుకుని, కాబూల్‌లో ఇటలీ రాయబారి క్వరోనీ ఇప్పించిన పాస్‌పోర్టు మీద ఓర్లాండో మజోటా అన్న పేరుతో మాస్కో మీదుగా అక్కడికే చేరాడు. ఆతిథ్యం దొరికింది. కార్యాలయం, రేడియో, యుద్ధఖైదీలనుంచి కూర్చిన మూడువేలమంది లోపు పటాలం దొరికాయి. ప్రకటన మాత్రం దొరకలేదు. 1942 మే మొదట్లో ముస్సోలినీని కలిస్తే ఆయన ప్రకటనకు సుముఖుడయ్యాడు, బెర్లిన్‌కు కబురు కూడా పెట్టాడు. ఆ నెలాఖరున హిట్లర్‌ను కలిస్తే ఆయన దూరాలను, పటాన్ని చూపించి ఇంకా సమయం రాలేదన్నాడు. తన పుస్తకంలో భారతీయుల గురించి రాసినదాన్ని సవరించమని బోస్ అడిగితే మాట దాటవేశాడు.

ఇక్కడ వ్యక్తుల స్వభావం కన్న లోతైన తేడా ఉంది. ముస్సోలినీకి బ్రిటన్ మధ్యధరాలో అడ్డు. ఆ అడ్డు తొలగించే ఏ పనికైనా ఆయన సిద్ధం. హిట్లర్‌కు బ్రిటిషు ఇండియా ఒక నమూనా. కొద్దిమంది తెల్లవాళ్లు కోట్లాది ఇతరులను ఏలడం ఆయనకు ఆరాధనీయమైన విషయం. రష్యాలో తాను చేయదలచుకున్నది అదే. అందువల్ల ఇండియాకు స్వాతంత్ర్యం ఇవ్వండన్న మాట ఆయన చెవికి వ్యూహంగా కాక అపచారంగా వినపడి ఉంటుంది. జాతిక్రమం అన్నది ఇటలీలో అవసరాన్ని బట్టి వచ్చి చేరిన సరుకు. అక్కడ యూదు వ్యతిరేక చట్టాలు 1938లో, అంటే అధికారానికి వచ్చిన పదహారేళ్లకు గాని రాలేదు. జర్మనీలో అది ఇంటికి పునాది. పునాదిలో ఉన్నదాన్ని మిత్రత్వం కోసం ఎవరూ తీసి ఇవ్వరు.

మూడోది టోక్యో. 1937లో జపాను చైనామీద పడినప్పుడు దాన్ని విమర్శిస్తూ ‘మోడర్న్ రివ్యూ’లో వ్యాసం రాసినవాడు బోస్. 1938లో కాంగ్రెస్ చైనాకు కోట్నిస్‌తో సహా అయిదుగురు వైద్యులను పంపినప్పుడు అధ్యక్షుడూ ఆయనే. అదే బోస్ 1943 ఫిబ్రవరిలో కీల్ రేవులో జర్మను జలాంతర్గామి ఎక్కి, మడగాస్కర్ దాపున జపాను జలాంతర్గామిలోకి మారి, జూన్‌లో తోజోను కలిశాడు. రెండేళ్లు బెర్లిన్‌లో అడిగినా దొరకనిది టోక్యోలో కొద్ది వారాలలో దొరికింది. ఆయన చూస్తుండగానే జపాను పార్లమెంటులో తోజో భారత స్వాతంత్ర్యానికి సహాయం ప్రకటించాడు. జులై 2న బోస్ సింగపూరులో దిగాడు. 6న పదాంగ్ మైదానంలో ఫౌజ్ కవాతును తోజోయే వచ్చి చూశాడు.

జపానుకు మాత్రం ఇది సులభం ఎందుకయింది? ఆసియా ఆసియావారికే అన్న నినాదం కేవలం నాటకమని కొట్టివేయడం తేలిక. ఫుజివారా వంటివారు దాన్ని నమ్మారనే నాకనిపిస్తుంది. కాని ఆ నినాదంలో ఆసియా అంతా ఒకటి కాదు. 1937నుంచీ లొంగని చైనా ఉంది. ఆ చైనాకు చందాలు పంపిన మలయా చైనీయులున్నారు. జపాను వలసగా అప్పటికే మూడు దశాబ్దాలు గడిపిన కొరియా ఉంది. ఇక ఇండియా ఉంది. అది ఇంకొకరి వలస, జపాను సైన్యానికి దూరం, బ్రిటన్‌కు ఆయువుపట్టు. ఫారర్ పార్కులో ఆలింగనం, జలాన్ బెసార్‌లో ఏరివేత రెండు వేరు విధానాలు కావు. ఒకే విధానానికి రెండు చేతులు.

*

సిద్ధాంతాల పోలిక కన్న, అధికారంలోనుంచి ఎవరు ఎట్లా దిగారు అన్నది చూస్తే ఈ ప్రభుత్వాల నిర్మాణం ఎక్కువ తెలుస్తుందని నా నమ్మకం. బోస్ సింగపూరు చేరిన మూడు వారాలకు, 1943 జులై 25న, ముస్సోలినీ పడిపోయాడు. ముందు రాత్రి ఫాసిస్టు మహామండలి ఆయనకు వ్యతిరేకంగా ఓటేసింది. మర్నాడు రాజు పిలిచి, మీ పని అయిపోయిందని చెప్పి, బయట అరెస్టు చేయించాడు. ఇరవై ఏళ్ల నియంత ఒక ఓటుతో, ఒక రాజదర్శనంతో పోయాడు. దాదాపు ఏడాదికి, ఇంఫాల్ దండయాత్ర విఫలమై సైపాన్ ద్వీపం చేజారాక, 1944 జులై 18న తోజో రాజీనామా చేశాడు. మాజీ ప్రధానులు, దర్బారు పెద్దలు సహకారం ఉపసంహరించారు. ఆయన ఇంటికి వెళ్లిపోయాడు. దానికి రెండు రోజుల తరువాత జులై 20న జర్మనీలో హిట్లర్ మీద బాంబు పేలింది. మహామండలి లేదు, రాజు లేడు, మాజీ ప్రధానుల మాటకు విలువ లేదు. బాంబు తప్ప దారి లేదు, ఆ దారీ పని చేయలేదు.

ముస్సోలినీ రాజునూ పోపునూ పక్కన పెట్టుకుని పాలించాడు. 1929లో పోపుతో ఒప్పందం కూడా చేసుకున్నాడు. హిట్లర్ 1934 ఆగస్టులో హిండెన్‌బర్గ్ చనిపోగానే రెండు పదవులూ కలిపి, సైన్యం చేత తన పేరున ప్రమాణం చేయించాడు. జపానులో అసలు నియంత అన్నవాడే లేడు. 1889నాటి రాజ్యాంగం చివరిదాకా అమలులో ఉంది. యుద్ధం మధ్యలో, 1942 ఏప్రిల్‌లో, ఎన్నికలు జరిగి ప్రభుత్వ సిఫారసు లేని అభ్యర్థులు 85 మంది గెలిచారు. తిరుగుబాటు చేసిన యువ సైనికాధికారులను 1936లో ప్రభుత్వమే అణిచి, వారికి గురువైన కిటా ఇక్కిని మరుసటి ఏడు ఉరికి బదులు తుపాకులకు అప్పగించింది. మరుయామా మసావో యుద్ధానంతరం దీన్నే పైనుంచి వచ్చిన ఫాసిజమన్నాడు. రాబర్ట్ పాక్స్టన్ ‘ది అనాటమీ ఆఫ్ ఫాసిజం’లో ఇంకో అడుగు వేసి, ప్రజోద్యమంగా లేచి అధికారం పట్టిన పార్టీ లేనప్పుడు అది ఫాసిజమే కాదు, విస్తరణకాంక్ష గల సైనిక నియంతృత్వమన్నాడు.

పాక్స్టన్ వాదన తర్కానికి నిలుస్తుంది. ఆయన చూపు అధికారం ఎట్లా వచ్చింది అన్నదాని మీద ఉంది, అక్కడ ఆయన చెప్పింది నిజం. కాని ఆ పుస్తకం చదువుతున్నంతసేపూ నాకొక ఇబ్బంది. నిర్వచనమంతా ఇంటి లోపలినుంచి రాసినది. రోమ్‌లో ఏం జరిగింది, మ్యూనిక్‌లో ఎవరు ఊరేగారు, టోక్యోలో పార్టీ ఉందా లేదా? పుంగ్గోల్ ఒడ్డున నిలబడ్డవాడికి టోక్యోలో పార్టీ లేదన్నది ఊరట కాదు. యొషిమి యొషియాకి జపాను సైనికుల దినచర్యలు, స్మృతులు తిరగవేసి, మామూలు జనం యుద్ధాన్ని ఎంత ఇష్టంగా తమదిగా చేసుకున్నారో చూపించాడు. పైనుంచి వచ్చిందన్నది కిందివారికి క్షమాపత్రం కాబోదని ఆ పుస్తకం వల్ల తెలుస్తుంది. మరుయామా రాయని సగాన్ని యొషిమి రాశాడనుకోవచ్చు.

ఇటలీ విషయంలో ఇదే పొరపాటు ఇంకా పెద్దది. ముస్సోలినీ ప్రత్యేక న్యాయస్థానం యుద్ధానికి ముందు అమలు చేసిన మరణశిక్షలు పదికి మించలేదు. ఈ అంకెను చూపి ఇటలీ ఫాసిజం మెత్తనిదనేవారు ఉన్నారు. రెన్జో ది ఫెలిచే అంతటి చరిత్రకారుడు ఇటలీ ఫాసిజం యూదుల మారణహోమపు నీడకు వెలుపలిదని వాదించాడు. ఆ వాదనలో కొంత సత్యం ఉంది. ఆష్విట్జ్ వంటిది రోమ్ కట్టలేదు. కాని 1937 ఫిబ్రవరిలో అడిస్ అబాబాలో గ్రాజియాని మీద హత్యాయత్నం జరిగిన తరువాత మూడు రోజులపాటు ఇటాలియన్లు వీధుల్లో సాగించిన ఊచకోతలో చచ్చినవారు వేలు. ఇంట్లో పది లోపు, వలసలో వేలు. మెత్తదనం ప్రభుత్వానిది కాదు, ఎంచుకున్న చోటుది. జర్మనీ యూరప్ మధ్యలో, ఇరుగుపొరుగు మీద చేసినది ఇటలీ ఆఫ్రికాలో, జపాను చైనాలో, చైనీయులున్న చోటల్లా చేశాయి. జర్మనీ చేసినదానికి ఒక ప్రత్యేకత ఉంది. ఒక జాతిని చివరి శిశువుదాకా లేకుండా చేయాలన్న సంకల్పం, దానికి రైళ్లు, కర్మాగారాలు కేటాయించిన యంత్రాంగం మరెక్కడా లేవు. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. మిగిలిన రెంటినీ దాని పక్కన నిలబెట్టి పొట్టివిగా చూపించే అలవాటును మాత్రం ప్రశ్నిస్తున్నాను.

పోర్చుగల్ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. సలజార్ తన దేశంలోని అసలైన ఫాసిస్టులను, నీలిచొక్కాల జాతీయ సిండికలిస్టులను, 1934లో నిషేధించాడు. అందువల్ల వర్గీకరణకారులు ఆయనను ఫాసిస్టు అనరు, నిరంకుశ సంప్రదాయవాది అంటారు. సరే. ఆయన గోవాను 1961 డిసెంబరు దాకా ఏలాడు. గోవా స్వాతంత్ర్యం కోరిన టి. బి. కున్హాను పోర్చుగల్‌లోని పెనిషి కోటలో బంధించాడు. హైదరాబాదునుంచి ఒక రాత్రి ప్రయాణం దూరంలో, నెహ్రూ ప్రధానిగా ఉన్న రోజులలో, ఆ కాలపు యూరప్ నియంతృత్వాలలో ఒకటి మన గడ్డ మీద నడుస్తూనే ఉందన్నది మన ఫాసిజం చర్చలలో ఎప్పుడూ రాదు.

*

1943 అక్టోబరు 21న కాథే భవనంలో బోస్ ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని ప్రకటించాడు. దాన్ని గుర్తించిన ప్రభుత్వాలు తొమ్మిది. జపాను, జర్మనీ, పడిపోయాక జర్మన్లు ఉత్తర ఇటలీలో నిలబెట్టిన ముస్సోలినీ గణతంత్రం, పవెలిచ్ నాయకత్వంలో సెర్బులను, యూదులను, రోమా జనాన్ని యసెనొవాత్స్ శిబిరంలో చంపుతున్న క్రొయేషియా, మంచూరియాలో, నాన్‌జింగ్‌లో జపాను కూర్చోబెట్టిన ప్రభుత్వాలు, బర్మా, ఫిలిప్పీన్సు, థాయిలాండ్. ఈ జాబితాను మన రచనలు గర్వంగా ఉటంకిస్తాయి. ఎవరెవరున్నారో విడిచిపెట్టి తొమ్మిది అన్న అంకెను మాత్రం. బా మావ్‌ను పవెలిచ్ పక్కన కూర్చోబెట్టడం అన్యాయం, ఒకరు వలస విముక్తికి దొరికిన దారి వెదికినవారు, ఇంకొకరు హంతకులు. కాని ఆ తేడా చెప్పాలంటే ముందు పేర్లన్నీ చదవాలి.

ఈ ప్రకటనకు నాలుగు రోజుల ముందు, అక్టోబరు 17న, బర్మా–సయాం రైలుమార్గం రెండు కొసలూ కలిశాయి. 415 కిలోమీటర్లు, పదహారు నెలలు. దాన్ని వేసిన మిత్రరాజ్యాల యుద్ధఖైదీలు 60 వేలకు పైన, చనిపోయినవారు 12 వేలకు పైన. వారి గురించి సినిమాలు వచ్చాయి. ఆసియా కూలీలు రెండు లక్షల దాకా, చనిపోయినవారు సాధారణంగా చెప్పే అంచనాలో 90 వేలు. ఖైదీలలో అయిదుగురికి ఒకరు పోతే, కూలీలలో ఇద్దరికి ఒకరు. కారణం కఠినత్వంలో తేడా కాదు. ఖైదీలకు తమ అధికారులు, తమ వైద్యులు, ఒక క్రమశిక్షణ ఉన్నాయి. కూలీలకు అవేవీ లేవు. 1943 మేలో కలరా వచ్చినప్పుడు నీళ్లు కాచుకుని తాగండని చెప్పే దిక్కు కూడా చాలా శిబిరాలలో లేదు.

ఆ కూలీలలో మలయా రబ్బరు తోటల నుంచి వెళ్లిన పదుల వేలమంది భారతీయులు. ఎక్కువమంది తమిళులు, వారితోపాటు గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి కంగాణీల వెంట వచ్చి తోటల్లో స్థిరపడ్డ తెలుగువారు. మొదట మూడు నెలల పని, మంచి జీతం అన్నారు. తరువాత ఉచిత సినిమా అని పిలిచి తలుపులు మూసి లారీలెక్కించారన్న కథనాలు మలయాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఫారర్ పార్కులో ఆలింగనం చేసుకున్నదీ జపానే, ఈ లారీలు తోలిందీ జపానే. సైనికుడైన భారతీయుడు మిత్రుడు, తోటకూలీ అయిన భారతీయుడు సామగ్రి. అందుకే జాతి ఒక్కటీ చూస్తే చాలదు. జపాను గీసిన గీత జాతి మధ్యలోనుంచి కూడా పోయింది. అటువైపు సైనికులలోనూ అంతే. ఫౌజ్‌లో చేరనన్నవారిని వేలాదిగా న్యూగినీ వైపు కూలీపనికి తరలించారు, వారిలో చాలామంది తిరిగిరాలేదు. జపాను నుంచి స్పష్టమైన హామీలు అడిగిన మోహన్ సింగ్‌నే 1942 డిసెంబరులో నిర్బంధించారు.

అందమాన్ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. ఆ దీవులను ఆజాద్ హింద్ ప్రభుత్వానికి అప్పగిస్తామని 1943 నవంబరులో టోక్యోలో ప్రకటించారు. డిసెంబరు 30న బోస్ పోర్ట్‌బ్లేర్‌లో జెండా ఎగురవేశాడు. తరువాత పాలనకు వెళ్లిన లోగనాథన్ చేతికి నిజంగా వచ్చింది విద్యాశాఖ ఒక్కటే. జెండా ఎగిరిన నెల రోజులకు, జనవరి 30న, గూఢచారులన్న నెపంతో 44 మంది భారతీయులను హంఫ్రీగంజ్ దగ్గర కాల్చి చంపారు.

అయితే ఫౌజ్‌లో చేరిన తోటకూలీలను, వాటర్లూ వీధిలో శిక్షణ పొందిన ఝాన్సీరాణి దళపు అమ్మాయిలను ఫాసిస్టుల తోకలనడం అన్యాయమవుతుంది. ఏ ప్రభుత్వమూ అంతకుముందు వారిని మనుషులుగా సంబోధించలేదు. కంగాణీ ముందు నిలబడి చేతులు కట్టుకున్న మనిషికి సైనికవందనం చేసే హక్కు దొరికితే దాని విలువ దిమిత్రోవ్ సూత్రంలో ఇమడదు. దానికితోడు, ఫౌజ్‌లో పేరుంటే సయాం లారీ తప్పుతుందన్న లెక్క కూడా చాలామందికి ఉండేదని చరిత్రకారులు రాశారు. స్వాతంత్ర్యేచ్ఛ, ప్రాణభయం ఒకే సంతకంలో ఉండవచ్చు. బోస్ విషయంలో మాత్రం నా అభిప్రాయం ఇంత మెత్తగా లేదు. 1936లో, 1937లో అంత స్పష్టంగా చూసినవాడు 1944 నవంబరులో టోక్యో విశ్వవిద్యాలయంలో విద్యార్థులకు మళ్లీ నేషనల్ సోషలిజం, కమ్యూనిజాల సమన్వయం గురించి ఉపన్యసించాడు. అప్పటికి ఆయనకు మూడు ప్రభుత్వాల లోపలి గదులూ తెలుసు. తేడాలు తెలియక కాదు. ఆ తేడాలను బేరానికి మాత్రమే వాడుకుని, తీర్పుకు వాడుకోలేదు. సింగపూరులోనే ఉన్న కె. పి. కేశవమేనోన్ వ్యతిరేకించి జైలుకు వెళ్లాడు. కనుక ఆ కాలంలో ఇంకోరకంగా ఆలోచించడం అసాధ్యమేమీ కాదు.

*

1945 జులై 8న ఎస్ప్లనేడ్ దగ్గర ఫౌజ్ అమరులకు బోస్ శంకుస్థాపన చేసిన స్మారకాన్ని బ్రిటిషువాళ్లు తిరిగి వచ్చాక పేల్చివేశారు. 1995లో సింగపూరు ప్రభుత్వం అక్కడొక గుర్తుఫలకం పెట్టింది. తెలుగు పర్యాటకులు దాని ముందు ఫొటోలు తీసుకుంటారు, నేనూ తీసుకున్నాను. అక్కడినుంచి కొద్ది నిమిషాల నడకలో బీచ్ రోడ్డు పక్కన, 1967లో నిలిపిన పౌరుల స్మారకం ఉంది. చైనీయులు, మలయులు, భారతీయులు, ఇతరులు: నాలుగు జాతులకు నాలుగు తెల్లని స్తంభాలు, నాలుగూ ఒకే ఎత్తు. ఏరివేతలో చచ్చినవారు దాదాపు అందరూ చైనీయులే అయినా ఎత్తు ఒక్కటే. కొత్త దేశానికి అది అవసరమై ఉంటుంది. కాని జపాను ఆక్రమణ ఎవరెవరిని ఎట్లా వేరు చేసిందో ఆ స్తంభాలను చూస్తే తెలియదు.

థాయిలాండ్‌లోని కాంచనబురి యుద్ధ శ్మశానంలో దాదాపు 7 వేల సమాధులున్నాయి. రాతి మీద పేరు, హోదా, దళం, వయసు. కూలీలకు అటువంటి రాళ్లు లేవు. మలయా జనాభా లెక్కలు తెలుగువారిని తమిళులనుంచి విడదీసి లెక్కించేవి. 1931లో వారు ముప్ఫై వేల పైచిలుకు. సయాం రైలుమార్గం గురించి రాసిన పుస్తకాలలో తరచుగా కనిపించేది తమిళ కూలీలు అన్న ఒకే పద్దు. తెలుగువారు ఎందరు వెళ్లారో, ఎందరు తిరిగొచ్చారో అందులో విడిగా ఉండదు.